ఓడినవాడు లేవాలి

సాయంత్రం నాలుగు గంటల ఐదు నిమిషాలకు కరెంటు వచ్చింది. ఆ వేసవిలో రోజూ రెండు నుంచి నాలుగు దాకా కోత. ఆ రోజు ఐదు నిమిషాలు ఆలస్యమైంది. ఎదురుగా పిండిమర బెల్టు కదిలింది. ఆటల గది యజమాని లోపలికి పోయి రెండు టీవీలూ పెట్టాడు. గది ముందున్న మెట్టు మీద కూర్చుని కరెంటు కోసం చూస్తున్నవాళ్లు ఒక్కసారిగా లేచి లోపలికి దూరారు. మా అన్న మాత్రం మెట్టు మీద కూర్చోలేదు. అరగంట నుంచీ గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. కూర్చుంటే లేవడం అతనికి కష్టం. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. ఆ గదికి అతను రావడం అదే మొదటిసారి.

అది రెండు వేల నాలుగో సంవత్సరం. మాది కర్నూలు. నాన్నకు పెద్ద మార్కెట్ దగ్గర గోనెసంచుల అంగడి ఉండేది. అన్నకు పద్దెనిమిదేళ్లు, నాకు పదహారు. అన్నకు పదో ఏట నుంచి కండరాలు బలహీనపడే జబ్బు. తొడల్లో, నడుములో, భుజాల్లో మొదలై నెమ్మదిగా పెరుగుతుందని, వేళ్లను మాత్రం శానా కాలం ముట్టుకోదని హైదరాబాదులో డాక్టరు చెప్పాడు. దానికి మందు లేదని చెప్పింది కూడా ఆయనే. నాన్న ఆ రెండో మాట మాకు చెప్పలేదు. మేము చీటీ చదివి తెలుసుకున్నాం.

అన్న నడవగలిగేవాడు. నిదానంగా, పొట్ట కొంచెం ముందుకు పెట్టి నడిచేవాడు. కష్టమంతా లేవడంలోనే. ముందు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టేవాడు. తర్వాత చేతుల్ని ఒక్కొక్కటిగా తొడల మీదికి జరుపుకుంటూ పైకి వచ్చేవాడు. ఒక్కోసారి సగంలో ఆగి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చేది. ఇంట్లో ఎవరో ఒకరు చంకల కింద చేతులు వేసి లేపేవాళ్లం. పెళ్లిళ్లకు పోతే పెద్దవాళ్లు దూరం నుంచే "నువ్వు కూర్చో నాయనా, నువ్వు లేయొద్దు" అనేవాళ్లు. కాలేజీలో లెక్చరర్ లోపలికి వస్తే క్లాసంతా లేచేది. అన్నకు మాత్రం ముందే చెప్పి ఉంచారు, లేవక్కరలేదని. అతన్ని ఏ వరసలోనూ నిలబడనిచ్చేవాళ్లు కాదు, ముందుకు పిలిచేవాళ్లు. అందరూ మంచి మనసుతో చేసినవే. అన్న వాటికి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. చెప్పడానికి ఏముంది?

ఆటల గది పాత బస్టాండు వెనక సందులో ఉండేది. యజమానిని అందరం భాయ్ అనేవాళ్లం. అంతకుముందు అదే గదిలో టేప్ రికార్డర్లు బాగుచేసేవాడు. ఇప్పుడు రెండు టీవీలు, వీడియో గేములాడే రెండు నల్ల ఆటపెట్టెలు, ఒక్కో టీవీ ముందు రెండేసి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. మిగిలినవాళ్లు వెనక నిలబడాలి. గోడ మీద చాక్‌పీసుతో ఒకే ఒక మాట రాసి ఉండేది. ఓడినోడు లేయల్ల. గెలిచినవాడు కుర్చీలో ఉంటాడు, ఓడినవాడు లేచి వెనక్కి పోయి మళ్లీ తన వంతు వచ్చేదాకా నిలబడతాడు. ఒక ఎస్సై కొడుకు వచ్చేవాడు, అతనూ లేచేవాడు. డాక్టరు చదివేవాళ్లు వచ్చేవాళ్లు, వాళ్లూ లేచేవాళ్లు. భాయ్ సొంత తమ్ముడు ఒకసారి లేవనని మొండికేస్తే భాయ్ టీవీ స్విచ్చి ఆపేశాడట.

మొదటి రోజు అన్న ఫుట్‌బాల్ ఆటలో పది నిమిషాల్లో ఓడిపోయాడు. అతనితో ఆడింది పత్తికొండ నుంచి వచ్చి కర్నూల్లో ఇంటర్ చదువుతున్న అబ్బాయి. వాళ్ల నాన్నకు అక్కడ టమోటా మండీ. మాటకు ముందు ఒక నవ్వు, మాటకు వెనక ఒక నవ్వు. వెనక నిలబడినవాళ్లలో ఒకడు ముందుకు వచ్చి కుర్చీ ఖాళీ కావడం కోసం చూశాడు. అన్న చేతులు మోకాళ్ల మీద పెట్టాడు.

"ఏమప్పా, కుర్చీకి గోందు పూసుకోని కూర్చున్నావా?" అన్నాడు పత్తికొండ అబ్బాయి.

అందరూ నవ్వారు. అన్న మొదటి ప్రయత్నంలో లేవలేకపోయాడు. రెండోసారి చేతులు తొడల మీదికి వచ్చాయి. నవ్వులు ఆగిపోయాయి. నేను గుమ్మంలో ఉన్నాను, చేతిలో గ్రంథాలయం పుస్తకం. లేపుదామని ఒక అడుగు ముందుకు వేశాను. పత్తికొండ అబ్బాయి మొహం ఎర్రబడింది.

"కూర్చోప్పా, కూర్చో. నాకు తెలీదు. నువ్వు లేయొద్దులే," అన్నాడు.

అప్పుడు భాయ్ మూల నుంచి, తల కూడా ఎత్తకుండా అన్నాడు. "ఎంత టైం అయినా పట్టనీ. లేయల్ల. ఈడ రూలంటే రూలే."

భాయ్ అంత కఠినంగా ఎందుకన్నాడా అని నాకు కోపం వచ్చింది. అన్న మాత్రం "లేస్తాండా భాయ్, లేస్తాండా" అన్నాడు. గొంతులో నవ్వు ఉంది. ఒక నిమిషం పట్టిందేమో. లేచాడు. వెనక్కి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తర్వాతివాడు కూర్చున్నాడు. ఆట నడిచింది.

ఇంటికి వస్తూ మోపెడ్ మీద నా భుజం పట్టుకుని, "రేపు కరెంటు వచ్చే టయానికే రావల్ల" అన్నాడు. భాయ్ మాట అతనికి ఎందుకు నచ్చిందో నాకు అర్థం కావడానికి శానా కాలం పట్టింది. అర్థమైందని నేను అనుకున్న తర్వాత కూడా నేను చేసిన పనిని చూస్తే, అర్థం కాలేదనే చెప్పాలి.

అన్న ఆ గదికి నాలుగేళ్లు పోయాడు. మధ్యాహ్నం దాకా అంగడిలో సంచుల లెక్కలు రాసుకునేవాడు, నాలుగుకు నేను తీసుకుపోయి దించేవాణ్ణి, ఏడుకు తీసుకొచ్చేవాణ్ణి. నాకు ఆట రాదు. బయట బెంచీ మీద కూర్చుని చదువుకునేవాణ్ణి. మొదటి ఏడాది అన్న ఎక్కువగా నిలబడే ఉన్నాడు. రెండో ఏడాదికి ఎక్కువగా కూర్చునే ఉన్నాడు. అతనికి ఆటంటే ఇష్టం ఉండేది, కాదనను. కానీ ఆ గదిలో అందరికంటే బాగా ఆడటానికి అతనికి ఒక కారణం ఉంది, అది మిగిలినవాళ్లకు లేదు. వాళ్లకు ఓడిపోతే లేవడం చిన్న సంగతి. అతనికి పెద్ద పని. అందుకని మ్యాచ్‌ను వదిలేవాడు కాదు. మోచేతులు కుర్చీ చేతుల మీద ఆనించి, భుజాలు కదలకుండా, రెండు బొటనవేళ్లతో ఆడేవాడు. చూసేవాళ్లకు అతను ఏమీ చేయనట్టే ఉండేది.

"మా ఊర్లో రేటు పడిపోయినప్పుడు టమోటాలు రోడ్డు మీద పారబోస్తారు సూడు, అట్ల పారబోస్తాండావు కదప్పా గోల్స్," అనేవాడు పత్తికొండ అబ్బాయి, ఓడి లేస్తూ.

"నువ్వు ఏరుకోని పో," అనేవాడు అన్న.

అతను కూడా ఓడేవాడు. రోజుకు ఒకసారో రెండుసార్లో. అప్పుడు గది నిశ్శబ్దంగా ఉండేది కాదు, అదే నాకు గుర్తు. అతను లేచే ఆ నిమిషంలో మిగిలినవాళ్లు మ్యాచ్ గురించి వాదించుకునేవాళ్లు, బయట సోడా చెప్పేవాళ్లు. ఎవరూ చేయి అందించేవాళ్లు కాదు, తొందరపెట్టేవాళ్లు కాదు. లేచాక అతను ఆనుకోవడానికి కిటికీ పక్క గోడ జాగా ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఆ జాగా అతనిదని ఎవరూ అనలేదు. ఎవరూ అక్కడ నిలబడలేదు, అంతే.

తెల్ల ఆటపెట్టె రెండు వేల ఎనిమిది వేసవిలో వచ్చింది. నిజం చెప్పాలంటే దాన్ని తెప్పించింది అన్నే. బస్టాండు దగ్గర ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు కంప్యూటర్ పత్రికలు అమ్మేవాళ్లు. అన్న వాటిలో దాని గురించి చదివాడు. మీటలు గుర్తుపెట్టుకోనక్కరలేదు, చేతిలో రిమోట్ లాంటి ఒక కర్ర పట్టుకుని ఊపితే చాలు, టీవీలో మనిషి అట్లాగే బ్యాటు ఊపుతాడు, బంతి విసురుతాడు. ముసలివాళ్లు, ఆడవాళ్లు, ఆట ముట్టనివాళ్లు అందరూ ఆడుతున్నారట.

"తెప్పించు భాయ్," అన్నాడు అన్న. "మా అమ్మ కూడా వస్తాది సూడు. ఇంట్లోవాళ్లు మనల్ని పనికిమాలినోళ్లు అనేది మానుకుంటారు."

"అది వస్తే మీ ఆట యాడ పెట్టల్ల?" అన్నాడు భాయ్.

"మా ఆట మాకుంటాది. ఇది ఇంకో పక్క."

భాయ్ బావమరిది కడపవాడు, కువైట్‌లో పనిచేసేవాడు. సెలవుకు వచ్చినప్పుడు తెచ్చాడు. భాయ్ కడపకు పోయి దాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సులో తీసుకొచ్చాడు. అన్న చెప్పినట్టే జరిగింది. నెల తిరక్కుండా సందులోకి కుటుంబాలు రావడం మొదలైంది. బురఖా వేసుకున్న తల్లులు, అంగడి కట్టేసి వచ్చే తండ్రులు, వాళ్ల పిల్లలు. అంతకుముందు ఆ గదిలోకి ఒక్క ఆడమనిషి అడుగు పెట్టలేదు. ఒక ఆదివారం మా అమ్మ కూడా వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి, కర్ర పట్టుకుని బంతి దొర్లించే ఆట ఆడింది. మొదటిసారే పది బొమ్మల్లో తొమ్మిది పడ్డాయి.

"ఇదేనా నాయనా నువ్వు ఇన్నేళ్లూ ఆడేది? ఇది తెలిస్తే నేనూ వచ్చేదాన్నే," అంది.

అన్న నవ్వాడు. "ఇది కాదుమా. ఇది వేరే," అన్నాడు. అమ్మ వినలేదు, రెండో బంతికి చేయి వెనక్కి తీసింది. ఆ రోజు అన్న సంతోషంగానే ఉన్నాడు. అమ్మ ఏదైనా ఆడటం మేమిద్దరం చూసింది అదొక్కసారే.

చేయి ఊపాలంటే చుట్టూ జాగా కావాలి. ఒక పెద్దాయన చేయి వెనక నిలబడిన పాప నుదుటికి తగిలింది. ఆ మరుసటి రోజు భాయ్ తెల్ల పెట్టె ముందున్న రెండు కుర్చీలు తీసి వెనక గదిలో ఒకదాని మీద ఒకటి పెట్టాడు. నేల మీద జంపఖానా పరిచాడు. నెల తర్వాత రెండో టీవీ ముందున్న కుర్చీలు కూడా తీశాడు. నల్ల పెట్టెల్లో ఒకటి డిస్కు చదవడం మానేసింది. అంతకుముందైతే భాయ్ కూర్చుని విప్పి బాగుచేసేవాడు. ఈసారి బట్ట కప్పి పక్కన పెట్టాడు. రెండోది అమ్మేశాడు. సున్నం వేయించినప్పుడు గోడ మీది రాత పోయింది. మళ్లీ రాయలేదు. తెల్ల పెట్టె దగ్గర దానికి అర్థం లేదు. అందరూ నిలబడే ఆడతారు, ఓడినవాడు ఎక్కడికి లేస్తాడు?

అన్న దాన్ని కూడా ఆడాడు. భాయ్ అతని కోసం వెనక గది నుంచి ఒక కుర్చీ తెచ్చి వేశాడు. భుజం ఎత్తలేడు కాబట్టి మణికట్టు కొద్దిగా విదిలించి చూశాడు. అది చాలు. యంత్రానికి చేయి ఎంత ఊపావన్నది పట్టదు, ఎప్పుడు ఊపావన్నదే కావాలి. రెండు రోజుల్లో కూర్చున్నచోట నుంచే అందర్నీ ఓడించడం మొదలుపెట్టాడు. ఏడెనిమిదేళ్ల పిల్ల ఒకతి నడుం మీద చేతులు పెట్టుకుని అతని ముందుకు వచ్చింది.

"నువ్వు దొంగాట ఆడతాండావు అంకుల్. లేచి ఆడల్ల."

"లేయలేను పాపా."

"ఎందుకు?"

పిల్ల తల్లి వచ్చి నోరు మూయించి, "ఏమనుకోవద్దు నాయనా, నువ్వు కూర్చునే ఆడుకో" అంది. ఆమె కూతురు మళ్లీ ఆడి మళ్లీ ఓడి, నవ్వుతూ గెంతింది. ఓడినవాళ్లంతా నవ్వేవాళ్లు. ఓడినవాళ్లూ అక్కడే ఉండి మళ్లీ ఆడేవాళ్లు. అన్న నాలుగో రోజు నుంచి కర్ర పట్టుకోలేదు.

పాతవాళ్లు ఒక్కొక్కరే రావడం తగ్గించారు. వచ్చినా బయట మెట్టు మీద కూర్చునేవాళ్లు. ఒక సాయంత్రం అక్కడ పెద్ద వాదన జరిగింది. అప్పుడు నేను బెంచీ మీదే ఉన్నాను.

"ఆ పెట్టె మనల్ని పోగొట్టుకున్నాది భాయ్," అన్నాడు పత్తికొండ అబ్బాయి. "నాలుగేండ్లు వచ్చినోళ్లం. ఇప్పుడు మా ఆటకు ఈడ జాగా లేదు. వీళ్లు సెలవులు అయిపోతానే పోతారు. అప్పుడు నువ్వేం చేస్తావ్, జంపఖానా దులుపుకుంటావా?"

"మీరు పదిమంది," అన్నాడు భాయ్. "మీకోసం మా అక్క ఈ గదిలోకి ఎప్పుడన్నా వచ్చిందా? నిన్న వచ్చింది. నవ్వింది. మా బావ పోయినాక ఆమె నవ్వింది నేను సూడలా. నేను ఓడినానా గెలిచినానా చెప్పు."

పత్తికొండ అబ్బాయి అన్న వైపు తిరిగాడు. "నువ్వు చెప్పప్పా. తెప్పించింది నువ్వే కదా. గెలిచినాదా, ఓడినాదా?"

అన్న గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "గెలిచినాది," అన్నాడు. "ఓడింది మనం. రూలు ప్రకారం లేయల్ల కదా."

అందరూ నవ్వారు. భాయ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే లోపలికి పోయాడు.

వాళ్లు లేచి పోయిన చోటు అదే సందు చివర రెండో అంతస్తులో ఉన్న కంప్యూటర్ సెంటర్. అక్కడ అందరూ వరసగా కూర్చుని తుపాకుల ఆట ఆడేవాళ్లు. ఇరవై రెండు మెట్లు. నేను లెక్కపెట్టాను. పత్తికొండ అబ్బాయి ఒకరోజు మా అంగడికే వచ్చాడు.

"రాప్పా, నేను ఎత్తుకోని పోతా. నీ బరువెంత, రెండు గంపల టమోటాలు అంత లేవు."

"దినామూ ఎత్తుకోని పోతావా?"

"పోతా."

"వద్దులేప్పా," అన్నాడు అన్న. పత్తికొండ అబ్బాయి సంచుల బేలు మీద కాసేపు కూర్చుని, టీ తాగి పోయాడు. మళ్లీ అడగలేదు. అడిగినా అన్న ఒప్పుకోడని అతనికి తెలుసు. ఒకరు ఎత్తుకొని తెచ్చినవాణ్ణి ఎవరు లెమ్మంటారు?

ఒక ఏడాది గడిచింది. అన్న నాలుగింటికి కూడా అంగడిలోనే ఉండేవాడు. కరెంటు వచ్చినప్పుడు తల ఎత్తి ఫ్యాను వైపు చూసేవాడు. డిగ్రీ అయిపోయి ఊరికి పోయిన పత్తికొండ అబ్బాయి ఒకరోజు ఫోన్ చేశాడు. కడపలో అతని మేనమామ ఉన్నాడు. ఆయన ఉండే వీధిలో నల్ల పెట్టెలతో ఒక గది ఇంకా నడుస్తోందట. కుర్చీలు ఉన్నాయట. ఓడితే లేవాలట.

అన్న ఆ రోజు అన్నం తింటూ నాన్నను అడిగాడు, కడపకు పోయి వస్తామని. ఎందుకని నాన్న అడగలేదు.

పొద్దున ఆరింటి బస్సు. బస్సు మెట్లు ఎత్తుగా ఉంటాయి. నేను వెనక నుంచి తోస్తే, పైనుంచి కండక్టరు చేయి పట్టాడు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు. దారి పొడవునా అన్న కిటికీ పక్కన కూర్చుని బొటనవేళ్లు మడుస్తూ తెరుస్తూ ఉన్నాడు. కడపలో దిగేసరికి పన్నెండు దాటింది. గది ఉన్న సందులోకి ఆటో రాదు. అన్నను ఒక మందుల అంగడి నీడలో నిలబెట్టి, దారి చూసి వస్తానని నేను ముందు పోయాను.

గది చిన్నది. నాలుగు కుర్చీలు, పదిమంది దాకా పిల్లలు, పద్దెనిమిది పందొమ్మిదేళ్లవాళ్లు. కౌంటరు దగ్గర కూర్చున్న మనిషితో నేను మాట్లాడాను. మా అన్న కర్నూలు నుంచి వచ్చాడు, బాగా ఆడతాడు, కానీ ఒంట్లో జబ్బు ఉంది, లేవడం కష్టం. అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. "ఓడినా ఆయన్ను కూర్చోనియ్యన్నా. లేపొద్దు," అన్నాను. ఆరు గంటల ప్రయాణం తర్వాత అతని కాళ్లు ఎట్లా వణుకుతున్నాయో నేను చూశాను. నేను ఆలోచించింది ఆ కాళ్ల గురించి మాత్రమే.

"దానికేముందిలే నా," అన్నాడు ఆ మనిషి, అన్నా అనడానికి బదులు కడపవాళ్లు అనేట్టు. "మావోళ్లకు చెప్తాలే."

అన్నను తీసుకొచ్చాను. ఒకడు లేచి కుర్చీ ఇచ్చాడు. అన్న కూర్చుని, మోచేతులు ఆనించి, మీటలు ఒకసారి నొక్కి చూసుకున్నాడు. మొదటి మ్యాచ్ గెలిచాడు. ఓడినవాడు లేచాడు. రెండోది గెలిచాడు. మూడోదీ గెలిచాడు. అన్న చెవులు ఎర్రబడ్డాయి, అతనికి సంతోషమైతే అట్లా అవుతుంది. నేను గుమ్మంలో నిలబడి, తీసుకొచ్చి మంచి పని చేశాననుకున్నాను. నాలుగో మ్యాచ్ చివరి నిమిషంలో పోయింది. అన్న మీటలు పక్కన పెట్టి, చేతులు మోకాళ్ల మీద పెట్టాడు.

"కూర్చో నా, కూర్చో," అన్నాడు గెలిచిన అబ్బాయి. "నువ్వు లేయొద్దులే."

"పర్వాలేదు నా. నువ్వే ఆడుకో," అన్నాడు వెనక ఇంకొకడు. వాళ్ల గొంతుల్లో వెటకారం లేదు. ముందే ఎవరో చెప్పి ఉంచినట్టు మాట్లాడారు.

అన్న తల తిప్పి నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

అతను లేచాడు. మూడు ప్రయత్నాలు పట్టాయి. గదిలో ఎవరూ మాట్లాడలేదు, అందరూ చూశారు. ఒకడు చేయి చాచి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. అన్న వెనక్కి పోయి గోడకు ఆనుకున్నాడు. కుర్చీ ఖాళీగా ఉంది. తర్వాతి వంతు ఎవరిదో వాళ్లకు తెలుసు. ఆ వంతు వచ్చిన అబ్బాయి కదలలేదు.

"కూర్చోప్పా, నీ వంతు కదా," అన్నాడు అన్న.

"నీకోసమే పెట్టినాం నా."

"నేను ఓడినా."

"ఏం గాదులే నా."

టీవీలో ఆట తర్వాతి మ్యాచ్ కోసం ఆగి ఉంది. కౌంటరు మనిషి నా వైపు చూశాడు, ఏం చేయమంటావన్నట్టు. నాకూ తెలియలేదు. ఎవరో ఒకరు కూర్చుంటే బాగుండునని మాత్రం అనుకున్నాను. నేనే పోయి కూర్చోవచ్చు, ఆ ఆలోచన నాకు చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. అక్కడ అందరూ నిలబడే ఉన్నారు, ఆ ఒక్క కుర్చీ ముందు.

"పోదాం పా," అన్నాడు అన్న.

మూడు గంటల బస్సు దొరికింది. మైదుకూరు దాటాక అడిగాడు.

"నువ్వు చెప్పినావా వాళ్లకు?"

"చెప్పినా."

"రాకముందే?"

"ఊఁ."

కాసేపు బయటికి చూశాడు. పొలాలు ఖాళీగా ఉన్నాయి, శనగ కోసేసిన తర్వాత.

"మంచి పిల్లోళ్లు రా," అన్నాడు. తర్వాత అన్నాడు, "ముందు మూడు మ్యాచ్‌లు నేనే గెలిచినానా?"

"నువ్వే గెలిచినావు."

"నీకు ఆట తెలీదు కదరా."

నిజమే, తెలియదు. నాలుగేళ్లు బెంచీ మీద కూర్చుని పుస్తకాలు చదివాను. లోపల అతను ఎట్లా ఆడుతున్నాడో ఒక్కరోజు కూడా సరిగ్గా చూడలేదు. ఆ మూడు మ్యాచ్‌లు ఆ అబ్బాయిలు నిజంగా ఓడారా, నా మాట విని వదిలారా, నేను చెప్పలేను. అప్పుడూ చెప్పలేకపోయాను. వాళ్లను పోయి అడిగినా ఏమి చెప్తారు? వదిలామని ఎవరూ చెప్పరు, వదల్లేదని చెప్తే అన్న నమ్మడు. ఆళ్లగడ్డలో బస్సు ఆగినప్పుడు టీ తెచ్చి ఇచ్చాను. తాగాడు. కోపం చూపించలేదు. చూపించి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ తర్వాత అతను ఏ ఆటా ఆడలేదు. మరుసటి ఏడాదికి నడక ఆగిపోయింది. చక్రాల కుర్చీ వచ్చింది. ఇక ఎవరూ అతన్ని కూర్చోమని చెప్పాల్సిన అవసరం లేకపోయింది. వేళ్లు చివరిదాకా బాగానే ఉన్నాయి, డాక్టరు చెప్పినట్టే. చివరి చలికాలం ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఇరవై ఏడేళ్లకు పోయాడు.

పదకొండో రోజు పత్తికొండ అబ్బాయి వచ్చాడు. మేమిద్దరం అంగడి బయట నిలబడ్డాం. ఎప్పుడూ మాటకు ముందు నవ్వేవాడు, ఆ రోజు నవ్వలేదు.

"మీ అన్నకు నేను ఒక్క గోల్ కూడా ఊరికే ఇయ్యలేదప్పా," అన్నాడు. "ఒక్కటి కూడా. నీకు తెలియల్లని చెప్తాండా."

తెలుసన్నాను. కడప సంగతి అతనికి చెప్పలేదు. ఆ గది ఉందని మాకు చెప్పింది అతనే.

తెల్ల పెట్టె అసలైన ఆటగాళ్లను సంపాదించుకుందా, పోగొట్టుకుందా అని ఇంటర్నెట్లో ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నేను కొన్ని చదివాను. ఆట తెలియని ఇళ్లలోకి ఆటను తీసుకుపోయిందని కొందరు, ఆటను ప్రాణంగా చూసుకున్నవాళ్లను గుమ్మం బయట వదిలేసిందని కొందరు. మా అమ్మ కొంగు దోపుకుని బంతి విసరడం నేను చూశాను కాబట్టి మొదటివాళ్లను కాదనలేను. రెండోవాళ్ల గురించి చెప్పడానికి నాకు అన్న ఉన్నాడు. ఆ పెట్టె తయారుచేసినవాళ్లు ఎవరికీ చెడు చేయాలనుకోలేదు. భాయ్ అనుకోలేదు. కడప పిల్లలు అనుకోలేదు. నేనూ అనుకోలేదు. అందరం కలిసి అతన్ని కూర్చోబెట్టాం.

సెలవులు అయిపోగానే కుటుంబాలు పోతాయన్న పత్తికొండ అబ్బాయి మాట కొంత నిజమైంది. రెండేళ్లలో సందులో రద్దీ తగ్గింది. భాయ్ గది మూసి సెల్‌ఫోన్ల పని పెట్టుకున్నాడు. నన్ను చూస్తే టీ తెప్పిస్తాడు. ఎర్ర కుర్చీలు రెండు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, ఫోన్లు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు వాటిలో కూర్చుంటారు. కర్నూల్లో ఆటల గదులు మళ్లీ వచ్చాయి, పెద్ద టీవీలు, ఏసీ, సోఫాలు. ఒకసారి పోయి చూశాను. ఇద్దరు ఆడుతున్నారు, ఒకడు ఓడాడు, అదే సోఫాలో అట్లాగే కూర్చుని మళ్లీ మొదలుపెట్టాడు.

ఓడినవాళ్లు ఇప్పుడు లేవడం లేదు.